తొమ్మిదో కుర్చీలో కూర్చోమంటున్నారు, ఏం చేయమంటారు?

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. ఉండేది నల్లగొండలో. విదేశాలకు చదువుకోవడానికి వెళ్లే పిల్లల కోసం మా ఊళ్లో ఒక కమిటీ వేస్తున్నారు. ఏ కన్సల్టెన్సీని నమ్మొచ్చో, ఏ కాలేజీకి వెళ్లొచ్చో చెప్పడం, ఫిర్యాదులొస్తే విని తేల్చడం దాని పని. తొమ్మిది మంది సభ్యులు. ఐదుగురు కన్సల్టెన్సీల ఓనర్లు, ఇద్దరు ఇంజనీరింగ్ కాలేజీల కరస్పాండెంట్లు, ఒకరు ఎడ్యుకేషన్ లోన్లు చూసే బ్యాంకు ఆఫీసర్. తొమ్మిదో మనిషిగా, ప్రజల తరఫున అంటూ, నన్ను ఉండమంటున్నారు. ఇదేం లెక్క అని అడిగితే 'అన్ని రంగాలకూ ఇచ్చినం సార్, మీరుంటే జనానికి నమ్మకం ఉంటది' అన్నారు. ఆ ఐదింటిలో ఒక కన్సల్టెన్సీ మా తమ్ముడి కొడుకు దగ్గర డబ్బు కట్టించుకుంది. వీసా రాకపోతే ఎనిమిది నెలలు తిప్పి సగమే వాపసు ఇచ్చింది. నేను చేరాలా, వద్దా? చేరితే నా ఒక్కడి మాట చెల్లుతుందా? మార్చమని అడగాలంటే ఏమని అడగాలి?

జవాబు: సార్, చేరండి. కానీ వాళ్లు తెచ్చిన కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. ముందు మీరొక ఉత్తరం రాసి ఇవ్వాలి. అందులో ఏం రాయాలో తర్వాత చెబుతాను. ఆ తొమ్మిదో కుర్చీ ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. అలాంటి దాంట్లో నేను కూర్చుని వచ్చాను.

మా అమ్మాయి చదివిన ఒక ప్రైవేటు కాలేజీలో నన్ను పాలకవర్గంలో తల్లిదండ్రుల ప్రతినిధిగా వేశారు. తల్లిదండ్రులెవరూ నన్ను ఎన్నుకోలేదు. ఫీజు కట్టడానికి పోయినప్పుడు ఆఫీసులో 'మేడం, మీరు పత్రికల్లో రాస్తరు కదా, మీ పేరు వేసుకుంటం' అన్నారు. నాకూ లోపల సంతోషమే. మొదటి మీటింగుకు ఇస్త్రీ చీర కట్టుకుని అరగంట ముందే వెళ్లాను. ఇంకా ఎవరూ రాలేదు. టేబుల్ మీద మిర్చి బజ్జీల ప్లేటు, పక్కన పొడుగాటి మినిట్స్ పుస్తకం. క్లర్కు దాన్ని నా ముందుకు జరిపి 'ఇక్కడ మేడం' అన్నాడు. నా పేరు ఏడో నంబరు. పక్కన పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు. పైన ఏముందా అని చూస్తే 'ట్యూషన్ ఫీజు పెంపు ప్రతిపాదనను సభ్యులు కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించారు' అని ఉంది. తేదీ ఆ రోజుదే. 'ఇంకా మీటింగే కాలేదు కదా బాబూ' అన్నాను. అతను తడబడలేదు. 'అయినంక రాస్తే లేటయితది మేడం, నాకు ఆరున్నరకు బస్సు' అన్నాడు.

సంతకం పెట్టాను. బజ్జీ కూడా తిన్నాను. మూడో మీటింగులో మాత్రం ఆపుకోలేక, ఫీజు పెరిగాక మధ్యలో చదువు మానేసినవాళ్లు ఎందరని అడిగాను. నాలుగో మీటింగుకు నాకు నోటీసు రాలేదు. ఐదోదానికీ రాలేదు. పదవీకాలం అలాగే గడిచిపోయింది. నన్ను పిలవడం మానేశారని అడిగేవాళ్లు కూడా లేరు. అసలు నన్ను పంపినవాళ్లంటూ ఉంటే కదా అడగడానికి! మిమ్మల్నీ ఇప్పుడు ఎవరూ పంపడం లేదు సార్, వాళ్లే పిలుస్తున్నారు. పిలిచినవాళ్లు పిలవడం మానేయనూ గలరు.

ఇక 'అన్ని రంగాలకూ ఇచ్చినం' అన్న మాట. ఐదు కన్సల్టెన్సీలంటే ఐదు రంగాలు కాదు, ఒకే రంగంలో ఐదు షట్టర్లు. క్లాక్ టవర్ దగ్గర ఐదు మందుల షాపులుంటే ఐదు రంగాలంటామా? కమిటీలో ఎంతమంది ఉన్నారని కాదు, ఎన్ని రకాల లాభనష్టాలున్నాయని లెక్క వేయాలి. మీరు కామర్స్ సారు, జమాఖర్చు రాసి చూడండి.

కన్సల్టెన్సీకి డబ్బు రెండు వైపుల నుంచి వస్తుంది. పిల్లవాడి దగ్గర తీసుకునేది కొంత. పిల్లవాడు అక్కడ చేరాక ఆ దేశపు కాలేజీ ఇచ్చే కమీషన్ ఇంకొంత. 'ప్రాసెసింగ్ ఫ్రీ' అని బోర్డు కట్టినవాళ్లు చాలావరకు ఈ రెండోదాని మీదే బతుకుతారు. అందుకే మన పిల్లలకు చూపించే కాలేజీల లిస్టులో సాధారణంగా ఒప్పందమున్న కాలేజీలే ముందుంటాయి. ఇంజనీరింగ్ కాలేజీకి తన పూర్వ విద్యార్థి అమెరికాలో ఉంటే వచ్చే ఏడాది కరపత్రం మీద వేసుకోవడానికి ఒక ఫొటో. బ్యాంకుకు వడ్డీ. లోను ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఇల్లో, పొలమో తాకట్టు ఉంటుంది కాబట్టి ఆ వైపూ భయం తక్కువే. పిల్లవాడు శంషాబాద్‌లో విమానం ఎక్కాడంటే ఈ ఎనిమిది మందికీ పని అయిపోయినట్టే. తర్వాత ఆ కాలేజీ మూతపడినా, వీసా రద్దయినా, మళ్లీ శంషాబాద్‌లోనే దిగినా, ఎనిమిది మందిలో ఎవరి జేబుకూ పెద్ద చిల్లు పడదు. ఆ చిల్లు పడే ఇల్లు ఏ దేవరకొండలోనో, ఏ కల్వకుర్తిలోనో ఉంటుంది. ఆ ఇంటి మనిషి మీ కమిటీలో ఒక్కరూ లేరు.

కంచే చేను మేసిందన్న సామెత ఇక్కడ వాడను. వాళ్లంతా దొంగలని నేననడం లేదు. పని బాగా తెలిసినవాళ్లూ, పిల్లలకు నిజంగా మేలు చేసినవాళ్లూ వాళ్లలో ఉంటారు, వాళ్లు లేకుండా ఈ కమిటీ నడవదు కూడా. కానీ బత్తాయి తూకంలో తరుగు ఎంత తీయాలో వ్యాపారులే కూర్చుని మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో నల్లగొండవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. వాళ్లు మంచివాళ్లయినా సరే, తరుగు తగ్గదు.

ఇప్పుడు బయట ఏం చేస్తున్నారో చూద్దాం, మీ ఉత్తరానికి పనికొస్తుంది. అమెరికాలో కాలేజీలకు నాణ్యత గుర్తింపు ఇచ్చేది ప్రభుత్వం కాదు, అక్రెడిటేషన్ సంస్థలు. వాటిలో ఎక్కువమంది కాలేజీల నుంచి వచ్చినవాళ్లే, అంటే ఒకరి పేపర్లు ఒకరు దిద్దుకోవడం లాంటిది. దానికి కాస్త పగ్గం ఉండాలని అక్కడి నిబంధన ఒకటుంది. నిర్ణయం తీసుకునే మండలిలో కనీసం ఏడింట ఒక వంతు ప్రజల ప్రతినిధులు ఉండాలి. ఆ ప్రతినిధి సదరు కాలేజీల్లో ఉద్యోగి కాకూడదు, వాటాదారు కాకూడదు, అలాంటివాళ్లకు భార్యో భర్తో, అమ్మానాన్నలో, పిల్లలో, తోబుట్టువో కూడా కాకూడదు. మీ లెక్క చూడండి. తొమ్మిదిలో ఒకరంటే ఏడింట ఒక వంతు కూడా కాదు. ఆ తక్కువలో తక్కువ నిబంధనకే మీ కమిటీ తప్పుతోంది.

ఏడింట ఒక వంతు సరిపోతుందా అంటే, నాకు అనుమానమే. ప్రైవేటు, లాభాల కాలేజీలకు గుర్తింపు ఇచ్చే ఒక పెద్ద సంస్థ అక్కడ ఉండేది, అక్రెడిటింగ్ కౌన్సిల్ ఫర్ ఇండిపెండెంట్ కాలేజెస్ అండ్ స్కూల్స్ అని. కాలేజీల్ని సరిగా తనిఖీ చేయడం లేదని 2016లో అమెరికా విద్యాశాఖ, గుర్తింపు ఇచ్చే సంస్థగా దాని హోదా తీసేసింది, 2018లో తిరిగి ఇచ్చింది, 2022లో మళ్లీ తీసేసింది. ప్రభుత్వం మారినప్పుడల్లా మారిన ఆ హోదా కింద మన పిల్లలు చదువుకున్నారు. 2015 డిసెంబరులో అమెరికా వెళ్లే పిల్లల్ని శంషాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వకుండా ఆపారు, గుర్తుందా? వాళ్లు చేరాల్సిన కాలిఫోర్నియా కాలేజీలకు గుర్తింపు ఇచ్చింది ఈ సంస్థే.

అంతకుముందు 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజెంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద, వీసాల మోసం జరుగుతోందని, అక్కడి ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేశారు. 1,500 మందికి పైగా విద్యార్థులు, దాదాపు అందరూ మనదేశం వాళ్లే, అందులోనూ తెలుగువాళ్లు ఎక్కువ. ఎక్కడికి పోతున్నారో కనిపెట్టడానికి కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. ఆ ఫొటోలు చూసి ఇక్కడ తల్లులు ఏడ్చారు. దాన్ని నడిపినామెకు 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఆ కాలేజీకి అక్రెడిటేషనే లేదు. అయినా ఐ-20 కాగితాలు, అంటే స్టూడెంట్ వీసా అడగడానికి కావాల్సిన కాగితాలు, ఇచ్చే అధికారం మాత్రం ఉంది. ఈ రెండింటికీ తేడా చెప్పగలిగిన పెద్దమనిషి అప్పట్లో మన ఊళ్లలో ఎందరున్నారు? మీ కమిటీ ఈ ఒక్క తేడా ప్రతి ఇంటికీ అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు, మిగతాది నేను పట్టించుకోను.

ఇంకో చిన్న సంగతి, నాకు ఎప్పటికీ మింగుడుపడనిది. ప్రభుత్వ సాయం పొందే కాలేజీలు విద్యార్థుల్ని చేర్పించినందుకు తలకింత అని కమీషన్ ఇవ్వకూడదని అమెరికా చట్టం చెబుతుంది. కానీ ప్రభుత్వ సాయానికి అర్హత లేని విదేశీ విద్యార్థుల్ని, వాళ్ల దేశంలోనే చేర్పించుకునే విషయంలో ఆ నిషేధం వర్తించదు. వాళ్ల పిల్లలకు పనికిరాని పద్ధతి మన పిల్లలకు పరవాలేదన్నమాట. ఆ మాట అడగడానికి చట్టం రాసే దగ్గర మన పిల్లల ఓటు లేదు. ఇక్కడైనా అడిగేవాళ్లున్నారా అంటే, అదీ లేదు. మన 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం దుబాయికి కూలీని పంపే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. చికాగోకు విద్యార్థిని పంపే కన్సల్టెంటు ఆ చట్టం కిందికి రాడు.

మన దగ్గరే ఇంకో లెక్కా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. ఆ కమిటీలు ఎంత బాగా నడుస్తున్నాయన్నది వేరే సంగతి, ఎక్కడ బాగా నడుస్తున్నాయో నన్నడగొద్దు. కానీ చట్టం రాసినవాళ్లు ఒక మాట ఒప్పుకున్నారు, బడి ఎవరి పిల్లలదో కమిటీ వాళ్లది అని. తొమ్మిది మందికి ఆ లెక్క వేస్తే ఏడుగురవుతారు. అమెరికా లెక్కలో ఇద్దరు. మీరు ఈ రెండింటి మధ్య ఎక్కడో నిలబడాలి.

రంగాల మధ్య పంపకం ఎంత చిక్కో చూడాలంటే ఆస్ట్రేలియా వైపు చూడండి. అక్కడ విదేశీ విద్యార్థుల కోసం 2000 నుంచి ప్రత్యేకంగా ఒక చట్టం ఉంది. కాలేజీ మూతపడితే పిల్లవాడికి వేరేచోట సీటు చూపించడానికో, మిగిలిన ఫీజు తిరిగి ఇప్పించడానికో 2012 నుంచి ఒక ఏర్పాటూ ఉంది. దానికి సొమ్ము కాలేజీల మీద లెవీ వేసి రాబడతారు. ఇంత పద్ధతిగా ఉండే చోట కూడా రంగాల గొడవ తెగలేదు. ప్రభుత్వ యూనివర్సిటీలు ఒక రంగం. ప్రైవేటు ఉన్నత విద్యా సంస్థలు ఒకటి. వంట, పిల్లల సంరక్షణ, ఆటోమొబైల్ లాంటి పనులు నేర్పే వృత్తివిద్యా కాలేజీలు ఒకటి. ఇంగ్లిష్ మాత్రమే నేర్పేవి ఇంకొకటి. స్కూళ్లు వేరే. 2025లో కొత్తగా చేరే విదేశీ విద్యార్థుల సంఖ్య 2,70,000 ఉండాలని అక్కడి ప్రభుత్వం అనుకున్నప్పుడు ప్రభుత్వ యూనివర్సిటీలకు 1,45,000, మిగతా యూనివర్సిటీలకూ ఉన్నత విద్యా సంస్థలకూ కలిపి 30,000, వృత్తివిద్యకు 95,000 అని పంచింది. పెద్ద యూనివర్సిటీల మాట విన్నారు, మమ్మల్ని పస్తు పెట్టారని ప్రైవేటు కాలేజీలు మొత్తుకున్నాయి. మా గొంతు కోశారని కొన్ని యూనివర్సిటీలూ అన్నాయి.

ఇంగ్లిష్ కాలేజీల బాధ ఇంకో రకం. స్టూడెంట్ వీసా ఫీజు 2024 జూలైలో 710 ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 1,600కు పెరిగింది, 2025 జూలైలో 2,000 అయింది. మూడేళ్ల డిగ్రీకి వచ్చేవాడికీ అదే ఫీజు, పన్నెండు వారాల ఇంగ్లిష్ కోర్సుకు వచ్చేవాడికీ అదే ఫీజు. యూనివర్సిటీలో చేరేవాడు మూడేళ్ల ఖర్చులో దాన్ని ఎలాగో సర్దుకుంటాడు. మూడు నెలల కోర్సుకు వచ్చేవాడు లెక్క చూసుకుని ఇంకో దేశానికి పోతాడు. ఫీజు పెంచినవాళ్లకు ఆ కాలేజీల మీద పగ ఉండనక్కర్లేదు. తలుచుకోకపోయినా చాలు, దెబ్బ తగులుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద చివరి భూములున్న రైతుకు ఇది కొత్త కథ కాదు. తూము దగ్గరివాడు చివరివాడిని ఎండబెట్టాలనుకోడు. తన మడి నిండేదాకా గండి మూయడు, అంతే. 1997లో నీటి సంఘాల చట్టం తెచ్చినప్పుడు అందుకే ఆయకట్టును భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగానికి ఒక్కో సభ్యుడిని పెట్టారు. ఎకరాల లెక్కన సీట్లిస్తే మొత్తం ఎగువవాళ్లే కూర్చుంటారు.

కాబట్టి 'ఎవరి దగ్గర ఎక్కువమంది పిల్లలుంటే వాళ్లకు ఎక్కువ సీట్లు' అని మీ కమిటీలో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తప్పకుండా అంటారు. 'మేం ఏటా ఇంతమందిని పంపుతున్నం' అని పెద్ద కన్సల్టెన్సీ లెక్క తీస్తుంది. పంపినవాడికి సీట్లిస్తే పోయినవాడికి ఎన్ని ఇవ్వాలి?

నన్నడిగితే మీ తొమ్మిది ఇలా ఉండాలి. కన్సల్టెన్సీలకు రెండు, వాటిలో ఒకటి చిన్నవాళ్లకు, జడ్చర్లలోనో మిర్యాలగూడలోనో ఒకే గదిలో నడిపేవాళ్లకు. కాలేజీలకు ఒకటి. బ్యాంకుకు ఒకటి. తల్లిదండ్రులకు రెండు, అందులో ఒకటి తప్పనిసరిగా తల్లికి. తాకట్టు కాగితం మీద వేలిముద్రో సంతకమో పెట్టిన తల్లి అయితే మరీ మంచిది. అక్కడ చదువుతున్న విద్యార్థికి ఒకటి. వెళ్లి తిరిగొచ్చినవాళ్లకు ఒకటి, సాధించుకుని వచ్చినవాళ్లే కానక్కర్లేదు, దెబ్బతిని వచ్చినవాళ్లకు ఎక్కువ తెలుస్తుంది. తొమ్మిదోది మీది. ఈ తొమ్మిదిలో ఐదుగురు విమానం టికెట్టు మీద లాభం లేనివాళ్లు.

ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో వెళ్లే పిల్లల్ని మరిచిపోవద్దు. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాల్లో 20 లక్షలు వస్తాయి, కానీ రెండు విడతలుగా, అదీ మొదటిది అక్కడ దిగిన కాగితం చూపించాక. దిగేదాకా అయ్యే ఖర్చుకు ఆ కుటుంబం మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తుంది. ఈ ముడి కన్సల్టెన్సీ ఓనర్‌కు తట్టదు, బ్యాంకు ఆఫీసర్‌కు తట్టదు, నిజం చెప్పాలంటే ఒక అమ్మ ఫోన్ చేసి చెప్పేదాకా నాకూ తట్టలేదు. తల్లిదండ్రుల రెండు సీట్లలో ఒకటి ఇలాంటి ఇంటికి వెళ్లాలి.

సీట్ల లెక్క ఒప్పుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. ఆ సీట్లలో మనుషుల్ని ఎవరు కూర్చోబెడతారు? 'సరే సార్, తల్లిదండ్రుల సీటు ఇస్తం' అని, ఓనర్‌గారి బామ్మర్దినే తల్లిదండ్రుల ప్రతినిధిగా తెస్తారు. ఆయనకూ ఓ కొడుకు ఉంటాడు కదా! అందుకని పేర్లు మీ కమిటీ చెప్పకూడదు. ఒక ఆదివారం పొద్దున ఏదైనా సర్కారు బడిలోనో, లైబ్రరీ హాల్లోనో పిల్లల్ని పంపిన తల్లిదండ్రుల్ని పిలవండి. ఇరవై మంది వచ్చినా చాలు. చీటీలు రాయించి ఇద్దర్ని వాళ్లనే ఎంచుకోమనండి. వాళ్లను తీసేసే హక్కు కూడా వాళ్లకే ఉండాలి. విద్యార్థి సీటూ అంతే. ఆస్ట్రేలియాలో విదేశీ విద్యార్థులు 2010లో సొంతంగా జాతీయ సంఘం పెట్టుకున్నారు, వాళ్ల మాట వాళ్లే చెబుతున్నారు. మీకు అంత అక్కర్లేదు, పిల్లలకు వాట్సాప్ గ్రూపులు ఎలాగూ ఉన్నాయి. మీటింగు టైము మాత్రం చూసుకోండి. నల్లగొండలో సాయంత్రం ఏడంటే చికాగోలో పొద్దున ఏడున్నర, ఎండాకాలమైతే ఎనిమిదిన్నర, పిల్లవాడు లేచి ఉంటాడు. మెల్‌బోర్న్‌లో అప్పటికి అర్ధరాత్రి అవుతుంది. ఆస్ట్రేలియా పిల్లవాడు సభ్యుడైతే పొద్దున పదింటికి పెట్టండి. విద్యార్థి రాలేడని తెలిసి పెట్టిన టైము, రావద్దని చెప్పినట్టే.

ఇప్పుడు ఉత్తరం. ఒక పేజీ దాటనివ్వకండి. సీట్ల పంపకం పైన చెప్పినట్టు అడగండి. దాంతోపాటు నాలుగు షరతులు. తల్లిదండ్రులు, విద్యార్థుల తరఫువాళ్లు కనీసం ఇద్దరు లేని మీటింగులో ఏ నిర్ణయమూ చెల్లదని రాయాలి. ఎవరి సంస్థ మీద ఫిర్యాదు వస్తే వాళ్లు ఆ విషయం తేలేదాకా గదిలో ఉండకూడదు, బయట కూర్చుని టీ తాగొచ్చు. ఫిర్యాదులు వినే పని కన్సల్టెన్సీలవాళ్లు లేని ముగ్గురికి వేరుగా ఇవ్వాలి. మినిట్స్ మీటింగు అయ్యాకే రాయాలి, మరుసటి మీటింగులో చదివి వినిపించాకే సంతకాలు. ఈ చివరిది చదివి నవ్వుతారేమో, నవ్వనివ్వండి. నాలుగింటిలో ఒక్కటే దక్కుతుందంటే నేను మొదటిదాన్ని పట్టుకుంటాను. సీట్లు తక్కువైనా, మనవాళ్లు లేకుండా మీటింగు జరగదంటే మిమ్మల్ని పిలవక తప్పదు.

ఇంకొకటి, దీన్ని 'బోర్డు' అనొద్దనండి. బోర్డంటే జనం సర్కారుదనుకుంటారు. ఏ కన్సల్టెన్సీకీ 'మా కమిటీ గుర్తింపు పొందింది' అని సర్టిఫికెట్ ఇవ్వకూడదు. మీకు చట్టం ఇచ్చిన అధికారమేమీ లేదు, మీ దగ్గరున్నది ఊళ్లో మీ పేరు. వాళ్లకు కావాల్సింది కూడా అదే. ఫ్లెక్సీ మీద మీ ఫొటో వేస్తామంటే వద్దనండి.

మీ తమ్ముడి కొడుకు సంగతి కావాలనే చివరికి ఉంచాను, ఎందుకంటే మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఆ కన్సల్టెన్సీ విషయంలో మీరూ తటస్థులు కాదు. ఉత్తరంలో ఆ సంగతి మీరే ముందు రాయండి, దాని మీద ఫిర్యాదు వచ్చిన రోజు మీరే లేచి బయటికి రండి. ఓనర్లను లేవమని చెప్పేవాళ్లు ముందు తాము లేవాలి. వాపసు రావాల్సిన డబ్బును ఈ కమిటీలో తేల్చుకుందామని కూడా అనుకోకండి. దానికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, నల్లగొండలోనే. కట్టింది ఐదు లక్షల లోపయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. లాయర్ లేకుండానే వేసుకోవచ్చు. గొడవ మొదలైనప్పటి నుంచి రెండేళ్లలోపు వేయాలి, ఎనిమిది నెలలు తిప్పడంలోనే పోయాయి కాబట్టి పిల్లవాడిని ఆలస్యం చేయొద్దనండి. 1915కు ఫోన్ చేస్తే ఎలా వేయాలో చెబుతారు. రసీదులు, వాట్సాప్ మెసేజీలు, బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు తీసి పెట్టుకోమనండి. 'ఇస్తం, ఇస్తం' అన్న మెసేజీలు ముఖ్యం, అవి చెరిపేయొద్దు.

ఉత్తరానికి వాళ్లు ఒప్పుకోకపోతే? సగం ఒప్పుకుంటారని నా అంచనా. మీ పేరు కావాలి కాబట్టి. మూడు సీట్లు ఇస్తాం, నాలుగోది వచ్చే ఏడాది చూద్దాం అంటే తీసుకోండి. పైన చెప్పిన మొదటి షరతుకు ఒప్పుకోకపోతే మాత్రం 'నాకు బీపీ ఉంది' అని సాకు చెప్పకుండా, ఈ కారణానికే చేరడం లేదని కాగితం మీద రాసివ్వండి. ఆ ఆదివారం మీటింగు ఎలాగూ మీరు పెట్టొచ్చు, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఐ-20కీ అక్రెడిటేషన్‌కూ తేడా ఏమిటో ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి బోర్డు మీద సుద్దముక్కతో రాసి చెబితే, కన్సల్టెన్సీ ఏసీ గదిలో కంటే బాగా ఎక్కుతుంది.

ఉత్తరం ఇవ్వడానికి వెళ్లేటప్పుడు రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద 'అందింది' అని తేదీ వేసి సంతకం పెట్టించుకోండి. తేదీ ఆ రోజుదేనా, ఒకసారి చూసుకోండి.